బోరు నీటి గార పట్టిన మరుగుదొడ్డిని నురగ మందుతో శుభ్రం చేసే పద్ధతి

గోదావరి డెల్టాలో, అందునా నరసాపురం, అంతర్వేది వంటి సముద్ర తీరపు ప్రాంతాలలో, చాలాచోట్ల బోరు నీరు ఉప్పగానూ సున్నంతోనూ ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఇంటి వాడకమంతా ఆ నీటి మీదనే నడిచే ఇళ్లలో, కమోడ్‌లో నీరు నిలిచే గీత వెంట పసుపుపచ్చని గార, ఫ్లష్ నీరు జారే దారిలో ఎర్రని చార త్వరగా పడతాయి. ఇనుప పీచుతో రుద్దితే పింగాణీ మెరుపు పోయి సన్నని గీతలు పడతాయి, ఆ తరువాత మురికి ఆ గీతలలోనే పట్టుకుంటుంది. నురగ మందు నిట్రంగా ఉన్న గోడ మీద కూడా కాసేపు అంటిపెట్టుకొని ఉంటుంది కనుక, మందుకు మచ్చను కరిగించేంత వ్యవధి దొరుకుతుంది.

ముందుగా మచ్చ స్వభావం తెలుసుకోవడం మంచిది. గరుకుగా ఉన్న చోట నిమ్మరసం చుక్కలు వేసినప్పుడు సన్నని బుడగలు వస్తే అది సున్నపు గార. బుడగలు రాకుండా తుప్పు రంగులో నున్నగా ఉంటే అది చాలావరకు నీటిలోని ఇనుము. ఈ రెంటికీ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వంటి ఆమ్లం ఉన్న నురగ మందు పనికివస్తుంది. బ్లీచింగ్ సూక్ష్మక్రిములను చంపుతుందే గాని గారను కరిగించదు, ఇనుము మచ్చను మరింత ముదిరేలా కూడా చేయవచ్చు.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. వరద తీసిన తరువాత లంక గ్రామాలలోనూ పల్లపు వీధులలోనూ బ్లీచింగ్ పౌడర్ చల్లడం మామూలే. అది మరుగుదొడ్డిలో మిగిలి ఉండగా ఆమ్లం ఉన్న మందు గాని, యాసిడ్ గాని పోస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ముందు పుష్కలంగా నీళ్లు పోసి కడిగి, కిటికీ, తలుపు తెరిచి, రబ్బరు గ్లౌజులు వేసుకొన్న తరువాతే పని మొదలుపెట్టాలి. ఒకసారికి ఒకే మందు వాడాలి.

వెస్ట్రన్ కమోడ్‌కు పొడి రూపంలో దొరికే నురగ మందు బాగా కుదురుతుంది. ఒకసారి ఫ్లష్ చేసి, ప్యాకెట్ మీద చెప్పినంత పొడిని నీటిలో వేస్తే, అందులోని సోడా, ఆమ్లం కలిసి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) వదలడంతో, సన్నగా చిటపటలాడుతూ నురగ పైకి లేచి, బ్రష్ సరిగా అందని అంచు కింది రంధ్రాల దాకా వెళుతుంది. నురగ అణిగిపోయిందని వెంటనే ఫ్లష్ చేయకూడదు, ఎందుకంటే నీటిలో కరిగిన ఆమ్లం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. ప్యాకెట్ మీద వేరే సమయం రాసి లేకపోతే అరగంట ఉంచి, అంచు కింద నుంచి మొదలుపెట్టి అడుగు దాకా బ్రష్‌తో తోమి, అప్పుడు ఫ్లష్ చేయాలి.

ఇండియన్ బేసిన్‌లో నీరు అడుగున గొట్టం దగ్గరే నిలుస్తుంది కనుక పొడి చల్లితే వాలు గోడలకు నురగ అందదు. దానికి స్ప్రే సీసాలో వచ్చే నురగ మందు మేలు. పాదాలు పెట్టే గరుకు చోట్లను తడిపి, పై నుంచి కిందికి చల్లి, ఆరిపోయేలోగా తోమి, బకెట్ నీళ్లతో కడగాలి. పక్క గచ్చు మొజాయిక్ గాని, పాలరాయి గాని అయితే ఆమ్లం దానిని తినేస్తుంది, కాబట్టి చుక్క పడినా వెంటనే కడిగేయాలి.

వంట సోడా, నిమ్మ ఉప్పు ఇంట్లో కలిపి పోస్తే నురగ వస్తుంది, కాని రెండూ ఒకదాని బలాన్ని ఒకటి తగ్గించుకుంటాయి. మొండి గారకు నిమ్మ ఉప్పు ఒక్కటే మేలు: కమోడ్‌లోని నీటిని మగ్గుతో లోపలికి నెట్టి, గోరువెచ్చని నీటిలో గాఢంగా కలిపిన నిమ్మ ఉప్పులో పాత గుడ్డను ముంచి, మచ్చ మీద గంటసేపు పరిస్తే గార మెత్తబడుతుంది.

భూగర్భ జలం పైపైనే ఉండే మన నేలలో సెప్టిక్ ట్యాంకు సరిగా పని చేయడం పక్కనున్న బోర్లకు కూడా అవసరం. ఘాటైన యాసిడ్, బ్లీచింగ్ తరచుగా, ఎక్కువగా పోస్తే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నశిస్తాయి. గార ముదరకుండా వారానికి ఒకసారి కొద్దిపాటి మందుతో కడిగితే చాలు. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలలోకి మార్చకుండా, దాని సొంత డబ్బాలోనే మూత బిగించి, పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టాలి.