మెక్సికోవాళ్లలా ఒఫ్రెండా ఎలా పెట్టాలి?

నవంబర్ 1న చనిపోయిన పిల్లలు, 2న పెద్దవాళ్లు ఇంటికి వచ్చి చూసి వెళ్తారని మెక్సికోలో నమ్మకం, ఈ పండగని దియా దె ముయెర్తోస్, అంటే చనిపోయినవాళ్ల రోజు అంటారు. వాళ్ల కోసం ఇంట్లో సర్దిపెట్టే బల్లనే ఒఫ్రెండా అంటారు. దయచేసి దీన్ని హాలోవీన్‌తో కలపకండి, ఇక్కడ దెయ్యాలూ భయపెట్టడాలూ ఏమీ ఉండవు, ఇంటికొచ్చే మనవాళ్లకి చేసే మర్యాద ఇది.

అక్టోబర్ చివర్లోనే మొదలుపెట్టండి. గోడవారగా బల్ల వేసి, దాని మీద అట్టపెట్టెలతో మెట్లు కట్టి గుడ్డ కప్పండి. ఏడు మెట్లు కట్టేవాళ్లూ ఉన్నారు గానీ రెండు చాలు, ఒకటి ఆకాశానికి, ఒకటి భూమికి. పైమెట్టు మీద ఫోటో పెట్టండి.

తర్వాత బంతిపూలు, అక్కడ సెంపసూచిల్ అంటారు. మనం గుమ్మాలకి కట్టే బంతి పుట్టిల్లు కూడా ఆ వైపే. తొడిమ పట్టుకుని రేకలన్నీ ఒక్కసారిగా లాగితే గుప్పెడు వస్తాయి, వాటిని వీధి గుమ్మం నుంచి బల్ల దాకా దారిలా చల్లాలి, ఆ రంగూ ఘాటు వాసనా చూసుకుని వచ్చేవాళ్లు దారి తప్పరంటారు. ముందురోజే తుంచితే వాడిపోతాయి, అప్పటికప్పుడు చేయండి.

దూరం నుంచి వస్తారు కాబట్టి గ్లాసుతో నీళ్లు, చిన్న గిన్నెలో ఉప్పు, ఒక్కొక్కరి పేరున ఒక కొవ్వొత్తి పెట్టాలి. ధూపానికి కోపాల్ అనే చెట్టు బంక వాడతారు, దొరక్కపోతే సాంబ్రాణి వేసుకోండి. పైన కత్తిరింపుల రంగు కాగితాలు వేలాడదీస్తారు, వాటికి ప్యూబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వడోర్ విష్కోలోట్లా పెట్టింది పేరు. కొవ్వొత్తులకి మాత్రం దూరంగా కట్టండి.

ఇక తిండి, నా దృష్టిలో అసలు సంగతి ఇదే. పాన్ దె ముయెర్తో అని గుండ్రటి తీపి బ్రెడ్ చేస్తారు, పైన పిండితోనే ఎముకల ఆకారాలు అద్ది, కాల్చాక వెన్న రాసి పంచదార చల్లుతారు. పంచదార పుర్రెలూ పెడతారు, నుదుటి మీద పేరు రాసి. కానీ ఇవన్నీ కొని సర్దేసి, ఆ మనిషికి ఇష్టమైనది మర్చిపోతే ఒఫ్రెండా పెట్టినట్టే కాదు. మోలే (మిరపకాయలతో చేసే చిక్కటి పులుసు) ఇష్టమైతే మోలే, తమాలేస్ (ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే మొక్కజొన్న పిండి వంటకం) ఇష్టమైతే అవే, బీరూ సిగరెట్లూ అయినా మొహమాటం లేకుండా పెట్టేస్తారు.

నవంబర్ 1 రాత్రి మెక్సికోలోని పాట్స్క్వారో సరస్సులో ఉన్న హనీత్సియో దీవిలో తెల్లవార్లూ సమాధుల దగ్గరే కూర్చుంటారు. మీకు వీలుంటే ఇంట్లో బల్ల దగ్గరే కూర్చుని, పోయినవాళ్ల ముచ్చట్లు పిల్లలకి చెప్పండి. పండగ అయ్యాక ఆ తిండి పారేయరు, ఇంటిల్లిపాదీ తిని, ఇరుగుపొరుగుకీ పంచుతారు.