ఇన్సులిన్ పేషెంటును ఇంటికి పంపే ముందు

ఇన్సులిన్ వేసుకునే తీరు చెప్పి మన నర్సులం "అర్థమైందా పెద్దమ్మా?" అంటే పేషెంటు "ఆఁ, అయింది లేమ్మా" అంటుంది. ఆలూరు బస్సుకు టైమవుతోంది, మందుల సంచి చంకలో ఉంది, కొడుకు బయట ఆటో మాట్లాడుతున్నాడు. కాలేదని ఎందుకంటుంది? అందుకే ఆ ప్రశ్న మానేయండి. సీసా, సిరంజి ఆమె చేతికే ఇచ్చి "రేపు పొద్దున ఇంట్లో ఎట్ల ఏసుకుంటావో నాకు చేసి చూపించు" అనండి. ఇది డిశ్చార్జి రోజు మొదలుపెట్టే పని కాదు. కనీసం రెండు రోజుల ముందు నుంచి ప్రతి డోసూ ఆమె చేతే తీయించి, మీరు పక్కన నిలబడి చూడాలి. చూపు మసకైన వాళ్లు గీత కనపడకపోయినా తలూపుతారు. సిరంజిని 12 దాకా లాగి "ఎంతుంది?" అని అడిగితే తేలిపోతుంది. కనపడకపోతే ఇంట్లో సూది వేసేదెవరో కనుక్కొని వాళ్లకే నేర్పండి. ఆదోని వైపు నుంచి వచ్చేవాళ్లలో కన్నడమో ఉర్దూనో మాట్లాడేవాళ్లుంటారు. వార్డులో ఆ భాష వచ్చిన సిస్టరు ఉంటే ఆమె చేత చెప్పించండి.

సిరంజి సంగతి

ఎక్కువ ప్రమాదం ఇక్కడే ఉంది. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నులో వచ్చేది 100 యూనిట్లది. సిరంజిలూ అట్లాగే రెండు రకాలు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత ఉంటాయి గానీ రంగును నమ్మొద్దు, గొట్టం మీద అచ్చయిన అంకె చదివించండి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 40 సీసా నుంచి 100 సిరంజితో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. షుగరు దిగదు, డోసు చాలలేదనుకొని పెంచుతారు. తర్వాత ఎవరో సరైన సిరంజి తెస్తారు, పెంచిన డోసు మొత్తం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. రెండో తప్పు ఇంకా ఘోరం. పెన్ను కార్ట్రిడ్జి (పెన్నులో ఉండే మందు గొట్టం) నుంచి 40 సిరంజితో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు పోతాయి. పెన్ను మందును సిరంజితో ఎప్పుడూ తీయొద్దని గట్టిగా చెప్పండి. షాపులో సిరంజి కొనేటప్పుడు చూపించడానికి సీసా మీది అంకెను మందుల చీటీ మీద పెద్దగా రాసివ్వండి.

30/70 మిక్స్ మందు (త్వరగా పనిచేసే ఇన్సులిన్ 30 వంతులు, నిదానంగా పనిచేసేది 70 వంతులు కలిపింది) పాలలాగా ఉంటుంది. కాసేపు కదలకుండా ఉంటే అడుగున తెల్లగా పేరుకుంటుంది. రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయాలి. కుదిపితే బుడగలొచ్చి డోసు తప్పుతుంది. అంతా ఒకేలా తెల్లబడకుండా ముద్దలు మిగిలితే ఆ సీసా పారేయాల్సిందే. పొట్ట మీద బొడ్డుకు రెండు వేళ్లెడం వదిలి వేయాలి. ముందటి చోటుకు ఒక అంగుళం పక్కకు జరగాలి. ఒకేచోట వేస్తే నొప్పి ఉండదని అక్కడే వేసుకునేవాళ్లు చాలామంది. ఆ చోట గడ్డ కట్టి మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. షుగరు కారణం లేకుండా పైకీ కిందికీ ఊగుతుంటే ముందు పొట్ట తడిమి చూడండి.

వార్డులో వేసే ముందు

కేసు షీట్‌లో 20 అని ఉంది, పొద్దున షుగరు 82 వచ్చింది, టిఫిన్ ఇంకా రాలేదు. రాసింది కదా అని వేసేయడం నర్సింగ్ కాదు. అట్లాగని సొంతంగా డోసు తగ్గించడమూ మన పని కాదు. ఆపి, డ్యూటీ డాక్టరుకు చెప్పి, ఏం చెప్పారో టైముతో సహా రాయాలి. అడగాల్సినవి మూడు: రాత్రి ఎంత తింటివి? వాంతులయ్యాయా? ఇప్పుడు తినేది ఎదురుగా ఉందా? కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, అదే డోసు ఎక్కువసేపు పనిచేస్తుంది. టైప్ 1 పేషెంటు (ఒంట్లో సొంత ఇన్సులిన్ దాదాపు తయారుకానివాళ్లు) తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. అక్కడ కూడా డాక్టరుకు చెప్పి మార్పించాల్సిందే. రీడింగు నమ్మశక్యంగా లేకపోతే చేతులు కడిగించి మళ్లీ చూడండి. అరటిపండు ఒలిచిన వేలితో 300 చూపించినా ఆశ్చర్యం లేదు.

సంగటి, ఒక్కపొద్దు, రోజా

"రాగి సంగటే కదమ్మా, అన్నం ముట్టలేదు" అనే మాట రోజూ వింటాం. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే, పైగా మన సంగటిలో బియ్యం కూడా పడుతుంది. మానమని చెప్పకండి, వినరు. ముద్ద సైజు చూపించి తగ్గించమనండి, ఆ ఖాళీలో ఆకుకూర పప్పు వేసుకోమనండి. శనివారం ఒక్కపొద్దు ఉండి పొద్దున డోసు యథాతథంగా వేసుకుంటే మధ్యాహ్నానికి షుగరు పడిపోతుంది. చెనిక్కాయ (వేరుశెనగ) పెరికే రోజుల్లోనూ ఒంటి శ్రమ ఎక్కువై అంతే. రోజా ఉండేవాళ్లు రంజాన్ నెల రాకముందే డాక్టరును కలిసి డోసూ వేళలూ మార్పించుకోవాలి. 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విడవాలని ముందే చెప్పుంచండి.

షుగరు పడిపోతే

మే నెల అనంతపురంలో చెమట ఎవరికి పట్టదు? ఎండ అనుకొని వదిలేస్తారు. ఒళ్లు చల్లగా ఉండి చెమట, వణుకు, ఆకలి, మాట తడబాటు ఉంటే షుగరు చూడాలి. మిషన్ లేకపోతే షుగరు పడిందనే అనుకొని చక్కెర ఇవ్వాలి. అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. 70 దాటకపోతే మళ్లీ అంతే. దాటాక అన్నమో ఇడ్లీనో తినాలి. ఇంట్లో చేతికందేవి చెనిక్కాయ ఉండలే గానీ, వాటిలోని నూనె వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఈ ఒక్క ముక్క మాత్రం అటెండెంటు చేత తిరిగి చెప్పించుకోకుండా పంపకండి.

ఫ్రిజ్ లేని ఇల్లు

తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టిందంటే పనికిరాదు. కాబట్టి ఫ్రిజ్ లేనివాళ్లకు ఒకేసారి మూడు నాలుగు సీసాలు ఇచ్చి పంపొద్దు. వాడుతున్న సీసాకు మట్టికుండ చాలు. కుండలో సగం ఇసుక పోసి తడపాలి. మధ్యలో చిన్న ముంత పెట్టి, సీసాను మూతబిగించిన డబ్బాలో వేసి అందులో ఉంచాలి. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలి. మన పొడిగాలికి నీళ్లు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి కుండ బాగా చల్లబడుతుంది. పొయ్యి పక్కన, టీవీ మీద, బండి డిక్కీలో పెట్టొద్దు. తెరిచిన తేదీ సీసా మీద రాయించండి. నాలుగు వారాలు దాటితే మందు మిగిలినా పారేయాలి.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మందుల చీటీతోపాటు సీసా, వాడిన సిరంజి కూడా తెమ్మనండి. సూదిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి తెస్తే చాలు. 10 మిల్లీలీటర్ల 40 సీసాలో 400 యూనిట్లుంటాయి. పొద్దున 20, రాత్రి 10 వేసుకునే మనిషికి అది 13 రోజులకు అయిపోవాలి. మూడు వారాల తర్వాత కూడా మూడో వంతుకు పైగా ఉందంటే, డోసు పెంచమని డాక్టరును అడిగే ముందు ఆ సిరంజి మీది అంకె చదవండి.