శాంక్షన్: పక్క మాట చూస్తేనే అర్థం తేలే మాట

"లోను శాంక్షనయిందా?", "పింఛను ఇంకా శాంక్షన్ కాలేదు" అని నెల్లూరులో, ఒంగోలులో రోజూ వినపడుతూనే ఉంటుంది. నోటికి ఇంత అలవాటైన మాట ఇంగ్లీషు కాగితంలో ఎదురైతే మాత్రం చాలామంది తడబడతారు. దానికి రెండు ఎదురెదురు అర్థాలుండటమే కారణం: మంజూరు, ఆంక్ష. లాటిన్‌లో దీని మూలానికి శాసనంగా స్థిరపరచడమని అర్థం. శాసనంలో ఒప్పుకోలూ ఉంటుంది, మీరితే శిక్షా ఉంటుంది.

ముందు స్పెల్లింగు. మధ్యలో సీ, టీ రెండూ రాయాలి. కే రాస్తే తప్పు. పలికేటప్పుడు మొదటి అక్షరం 'శ' కాదు, 'స'. నొక్కి పలకాల్సింది మొదటి భాగాన్ని.

అర్థం తేల్చేది పక్కనున్న మాట. 'ఫర్' గానీ 'టు' గానీ ఉంటే చాలాసార్లు అనుమతే. 'ఆన్', 'అగైనెస్ట్', 'ఇంపోజ్' కనిపిస్తే ఆంక్ష. చివర ఎస్ ఉంటే ఆంక్షలేనని చాలాచోట్ల నేర్పుతారు, దాన్నే నమ్ముకోకండి. బ్యాంకులో 'లోన్ శాంక్షన్స్' అంటే మంజూరులే.

బాగా పొరబడే చోటు 1988 నాటి అవినీతి నిరోధక చట్టం, సెక్షన్ 19. అక్కడి 'శాంక్షన్ ఫర్ ప్రాసిక్యూషన్' శిక్ష కాదు. ప్రభుత్వ ఉద్యోగి మీద కేసును కోర్టు విచారణకు తీసుకునే ముందు కావలసిన అనుమతి అది.

జీవోల్లో దీనికి జతగా వచ్చే క్రియ 'అకార్డ్', అంటే ఇవ్వడం. రోడ్డు పనికి 'అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్' అంటే పనికీ ఖర్చుకీ ఒప్పుకున్నారని. 'టెక్నికల్ శాంక్షన్' అంటే డిజైను, ఎస్టిమేటు సరిగ్గా ఉన్నాయని ఇంజనీరు ఒప్పుకున్నారని. మొదటిది వచ్చింది కదా అని రెండోదీ వచ్చేసిందనుకోకూడదు.

దీన్నే క్రియగా వాడితే మధ్యలో 'ఫర్' పెట్టకండి: 'ద బ్యాంక్ శాంక్షన్డ్ ద లోన్', అంతే.

అల్లూరు రైతు రొయ్యల గుంటకు 10 లక్షలు శాంక్షనయినట్టు లెటరు వచ్చిందనుకోండి. డబ్బు ఖాతాలో పడ్డట్టు కాదు. పడటాన్ని 'డిస్బర్స్‌మెంట్' అంటారు. లెటర్లోని షరతులు, గడువు చదవకుండా, గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లకు అడ్వాన్సు ఇస్తే చిక్కుల్లో పడతారు.

ఇంట్లో ఉన్న లోను లెటరు తీసి, ఈ మాట వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీయండి. అక్కడ 'మంజూరు' పెట్టి చదవండి. పొసగకపోతే 'అనుమతి', అదీ పొసగకపోతే 'ఆంక్ష'.