మూత్రపిండాల్లోని యాంజియోమయోలిపోమాల రక్తనాళాలను గమనించుకోవడం ఎలా

ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు వ్యాధి ఉన్నవారిలో చాలామందికి రెండు మూత్రపిండాల్లోనూ యాంజియోమయోలిపోమాలు, అంటే రక్తనాళాలు, కండరం, కొవ్వు కలిసిన గడ్డలు ఏర్పడతాయి. ఇవి సాధారణంగా క్యాన్సర్ కావు. అసలు ప్రమాదం వీటికి రక్తం అందించే నాళాలలో ఉంది. ఆ ధమనుల గోడల్లో సాగే పొర సరిగా ఏర్పడకపోవడంతో, రక్తపు ఒత్తిడికి అవి అక్కడక్కడ బుడగలా ఉబ్బుతాయి. ఆ ఉబ్బునే ఎన్యూరిజమ్ అంటారు.

అందుచేత ఒకటి నుంచి మూడేళ్లకోసారి ఎంఆర్ఐ చేయించుకుని, నివేదికలో గడ్డ పరిమాణంతో పాటు ఎన్యూరిజమ్ వెడల్పు కూడా రాశారో లేదో తప్పక చూడండి. గడ్డ 4 సెంటీమీటర్లు దాటినా, ఎన్యూరిజమ్ 5 మిల్లీమీటర్లకు చేరినా రక్తస్రావం జరిగే అవకాశం పెరుగుతుంది. లక్షణాలు లేకపోయినా 3 సెంటీమీటర్లు దాటి పెరుగుతున్న గడ్డకు ఎవరోలిమస్ వంటి మందును వైద్యులు ముందుగా పరిశీలిస్తారు.

రక్తపోటును ఏటా కొలిపించుకోండి. నడుము పక్కన హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, కళ్లు తిరిగినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లి, వ్యాధి పేరును మొట్టమొదటే చెప్పండి; ఎందుకంటే రక్తం కారుతున్న ధమనిని లోపలి నుంచే మూసివేసే ఎంబొలైజేషన్‌తో చాలాసార్లు మూత్రపిండాన్ని తొలగించకుండా కాపాడవచ్చు.