తపసి చెట్టు చావకుండా బంక తీసే విధానం

తూర్పు కనుమల్లోనూ నల్లమలలోనూ రాతినేల వాలుల మీద పెరిగే తపసి చెట్టు నుంచి బంక తీయడం కొండరెడ్లు, కోయలు, చెంచులు తరతరాలుగా చేస్తున్న పని. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరకడం వల్ల అనేక చోట్ల ఈ చెట్లు తరిగిపోయాయి. కాబట్టి కత్తి పట్టే ముందే, ఏ చెట్లు ఎవరి బాధ్యతో గ్రామసభలో నిర్ణయించుకోవాలి. తాను వదిలిన చెట్టును ఇంకొకరు నరుకుతారన్న భయమే లోతైన గాట్లకు అసలు కారణమని నా అభిప్రాయం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం బంక వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై గిరిజనులకు యాజమాన్య హక్కును గుర్తించింది కనుక ఇటువంటి కట్టుబాటుకు చట్టబలం కూడా ఉంది.

మొదలు చుట్టుకొలత సుమారు 90 సెంటీమీటర్లకు తగ్గిన చెట్టును, తొర్ర పడిన చెట్టును, పాత గాయం ఇంకా పూడని చెట్టును ముట్టుకోకూడదు. ఏ చెట్టు ఎప్పుడు గాటు తిన్నదో గుర్తున్న పెద్దలను వెంట తీసుకువెళ్లడం అన్నిటికన్నా మేలు.

వానలకు ముందు, ఏప్రిల్ నుంచి జూన్ వరకు, ఎండ ముదిరిన కొద్దీ బంక ఎక్కువగానూ తెల్లగానూ వస్తుంది. గొడ్డలి కాక పదునైన చిన్న కత్తితో, మొదలుకు ఒక పక్కన మాత్రమే బెరడును పలుచగా చెక్కాలి. కత్తి మాను కర్రను తాకిందంటే గాయం మానడం కష్టమవుతుంది, ఆ దారినే పురుగూ కుళ్లూ లోపలికి చేరతాయి. మొదటి రోజే ఎక్కువ బంక కారి, తర్వాత కొన్నాళ్లు కొద్దికొద్దిగా ఊరుతుంది. ధార తగ్గినప్పుడు గాటు పై అంచున పలుచని పొర మాత్రమే తీయాలి తప్ప, లోతు పెంచకూడదు, చెట్టు చుట్టూ చెక్కకూడదు. తొలకరి పడగానే పని ఆపి, గాయం పూర్తిగా పూడేదాకా చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. కొన్ని మంచి చెట్లను గాటు పెట్టకుండా విత్తనానికి వదలాలి; వాటి కాయల మీది నూగు ఒంటికి గుచ్చుకుని మంట పుట్టిస్తుంది కనుక పిల్లలను దూరంగా ఉంచాలి.

గట్టిపడిన బంకను నేల మీద రాలనివ్వకుండా బుట్టలోకి తీసుకుని, బెరడు ముక్కలు ఏరి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టి, రంగును బట్టి వేరుచేయాలి. గిరిజన సహకార సంస్థ వంటి కొనుగోలుదారులు రంగునూ శుభ్రతనూ చూసే ధర కడతారు. నిల్వ ఉన్నకొద్దీ బంక చిక్కదనం కోల్పోతుంది కనుక పాత సరుకును కొత్త సరుకులో కలపకూడదు.