ఫైబ్రాయిడ్ ఉన్నవాళ్లలో గర్భాశయ రక్తప్రవాహం: కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా ఎమ్మారైతో కొలవడం

కోనసీమ నుంచి కాకినాడకో రాజమండ్రికో స్కానింగుకి వచ్చే ఫైబ్రాయిడ్ (గర్భాశయంలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ) కేసుల్లో చాలామందికి రక్తహీనత ఉంటుంది. అందుకే ముందు అదే రోజు తీసిన హిమోగ్లోబిన్ రిపోర్టు చూడండి. రక్తం పలచబడితే గుండె ఎక్కువ రక్తాన్ని తోస్తుంది, ప్రవాహం అంకె పెరుగుతుంది. హిమోగ్లోబిన్ 7 ఉన్నప్పుడు ఒకసారి, ఐరన్ ఎక్కించి 11 అయ్యాక ఒకసారి కొలిచి, గడ్డకు రక్తం తగ్గిందని రాసేస్తే తప్పు.

అపాయింట్‌మెంట్ బహిష్టు రోజుల్లో వద్దు. రక్తస్రావం ఆగాక, 7 నుంచి 12వ రోజు లోపు పెట్టుకుని ఎన్నో రోజో రాసిపెట్టండి. రెండోసారీ అదే దశలో తీయాలి. 4 గంటల ముందు నుంచి తిండి మానేయాలి కానీ మంచినీళ్లు తాగొచ్చు. కార్తీక సోమవారం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని వాళ్లకు మరో రోజు ఇవ్వండి, ఒంట్లో నీరు తగ్గితే కొలత మారుతుంది. పేగుల కదలిక ఆపడానికి డాక్టర్ హయోసిన్ 20 మి.గ్రా. రాస్తే గ్లాకోమా, గుండె జబ్బు గురించి అడిగి తెలుసుకోండి. అది నాడి వేగం పెంచుతుంది కాబట్టి మొదటిసారి ఇస్తే రెండోసారీ ఇవ్వాలి.

మెట్టెలు, నల్లపూసలు, జాకెట్టు హుక్కులు, కొంగు పిన్నీసు అన్నీ తీయించాలి. పెద్దవాళ్లు పుస్తెలు తీయడానికి ఒప్పుకోరు. బట్టలు మార్చుకునే గదిలో పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు ఒకటి ఉంచితే వాదన ఉండదు. మెట్టెలు బిగుసుకుపోతే సబ్బునీళ్లు. కొలతను నాడితో జతపరచడానికి వేలికి పెట్టే పల్స్ సెన్సర్‌కి గోళ్ల రంగు అడ్డొస్తుంది, ఆషాఢం గోరింటాకు దట్టంగా పండిన వేలి మీద సిగ్నల్ బలహీనంగా ఉన్నా వేలు మార్చండి.

ఇక అసలు పని ఫేజ్ కాంట్రాస్ట్, అంటే మందు ఎక్కించకుండానే రక్తం వేగాన్ని కొలిచే ఎమ్మారై పద్ధతి. టీ2 బొమ్మలు సాజిటల్ (పక్క నుంచి), యాక్సియల్ (అడ్డుకోత) తీశాక, పారే రక్తాన్ని తెల్లగా చూపే 2డీ టైమ్ ఆఫ్ ఫ్లైట్‌తో గర్భాశయ ధమనిని వెతకండి. కటిలోని అంతర్గత ఇలియాక్ ధమని నుంచి పుట్టి కటి గోడ వెంట దిగే తిన్నని ముక్క మీదే కొలవాలి. గర్భాశయం పక్కన పైకెక్కే భాగం మెలికలు తిరిగి ఉంటుంది, అక్కడ స్లైస్ (కొలిచే అడ్డుకోత) నాళానికి లంబంగా కుదరదు. రెండు ప్లేన్లలో చూసి 90 డిగ్రీల్లో పెట్టండి. మందం 5 మి.మీ. ధమని అడ్డంగా కనీసం 4 పిక్సెళ్లు పడాలి, అంటే 3 మి.మీ. నాళానికి పిక్సెల్ 0.75 మి.మీ. దాటకూడదు. పెద్ద పిక్సెల్ పెడితే చుట్టూ ఉన్న కణజాలం కూడా లెక్కలోకి వచ్చి అంకె చెడుతుంది.

వెంక్ (స్కానర్ సరిగా కొలవగల గరిష్ఠ వేగం) సెకనుకు 80 సెం.మీ.తో మొదలుపెట్టండి. తెల్లగా ఉండాల్సిన నాళం నడుమ నల్ల చుక్క వస్తే వేగం వెంక్ దాటిందని అర్థం, 120కి పెంచి మళ్లీ తీయండి. గరిష్ఠ వేగం 25 కూడా లేకపోతే 40కి దించండి, లేదంటే నాయిస్‌లో కలిసిపోతుంది. ఒక్కో గుండె చప్పుడుకి 20 ఫేజ్‌లు (వరుస దశల బొమ్మలు) చాలు.

ఆర్‌వోఐ (బొమ్మ మీద నాళం చుట్టూ గీసే కొలత గీత) ఒక్క ఫేజ్‌లో గీసి అన్నింటికీ అంటించడం ఎక్కువమంది చేసే బద్ధకం. నాళం నాడితో పాటు జరుగుతుంది, ప్రతి ఫేజ్‌లో సరిచూడాలి. పక్క కండరంలో ఇంకో ఆర్‌వోఐ గీసి, అక్కడ సున్నా రాకపోతే ఆ వేగాన్ని నాళం వేగం నుంచి తీసేయండి. విస్తీర్ణం 0.07 చ.సెం.మీ., సగటు వేగం సెకనుకు 15 సెం.మీ. అయితే సెకనుకు 1.05 మి.లీ., అంటే నిమిషానికి 63 మి.లీ. రెండు వైపులా విడివిడిగా కొలిచి కలపండి. అండాశయ ధమని నుంచి గడ్డకు వచ్చే రక్తం ఇందులో రాదు.

గడ్డ లోపలి ప్రసరణకు ఐవిమ్ డిఫ్యూజన్ (నీటి కదలికను బట్టి సన్న నాళాల్లోని రక్తాన్ని అంచనా వేసే పద్ధతి): బి-వాల్యూలు (ఆ కదలికకు స్కాన్ ఎంత స్పందించాలో పెట్టే మెట్లు) 0, 10, 20, 40, 80, 150, 200, 400, 800. 200, ఆ పైవాటితో ముందు డి (కణజాలంలో నీటి వ్యాప్తి) తేల్చి, తర్వాత ఎఫ్ (సన్న నాళాల్లోని రక్తం వాటా) లెక్కించండి. డి-స్టార్ (ఆ రక్తం కదలిక వేగానికి సూచిక) నిలకడగా రాదు, రిపోర్టులో పెట్టొద్దు. పురీషనాళంలో గాలి ఉంటే బొమ్మ వంకర పోతుంది. ఏఎస్ఎల్ (రక్తంలోని నీటికే అయస్కాంతంతో గుర్తు పెట్టి ప్రసరణ కొలిచే పద్ధతి) కూడా ఉంది కానీ 1.5 టెస్లా మీద సిగ్నల్ తేడా మరీ తక్కువ, సమయం దానిమీద పెట్టకపోవడమే మేలు.

ఎంబొలైజేషన్ (గడ్డకు వెళ్లే రక్తనాళాన్ని మూసే చికిత్స) తర్వాత గడ్డ పూర్తిగా చచ్చిందా అని అడిగితే, కిడ్నీలు బాగుంటే కాంట్రాస్టే ఇవ్వండి. రిపోర్టులో ప్రవాహంతో పాటు హిమోగ్లోబిన్, నాడి, బహిష్టు రోజు, వెంక్, పిక్సెల్ సైజు రాయండి.