ఒక్కరికి ఒక్క లాగిన్: ఫ్రీరేడియస్‌తో ఎలా అమర్చాలి?

ఒకే పాస్‌వర్డుతో నలుగురు ఇంటర్నెట్ వాడే హాస్టళ్లు, ల్యాబులు ఎన్నో చూశాను. లినక్స్‌లో ఒకరు ఒకేసారి ఎన్ని లాగిన్లు చేయవచ్చో నిర్ణయించే మాక్స్‌లాగిన్స్ విలువ 1 పెట్టి పని అయిపోయిందనుకుంటారు. అది ఆ ఒక్క యంత్రంలోని లాగిన్లనే లెక్కిస్తుంది. 40 కంప్యూటర్ల ల్యాబులో ఒకే పేరుతో 40 లాగిన్లు సాగుతూనే ఉంటాయి. లెక్క ఒకే చోట జరగాలి, అందుకే రేడియస్: లాగిన్లన్నిటినీ ఒకే సర్వర్ సరిచూసి లెక్క రాసే పద్ధతి.

లాగిన్ పేజీ చూపే రౌటర్, ఫ్రీరేడియస్ 3 (రేడియస్ సర్వర్ సాఫ్ట్‌వేర్), లెక్కలు దాచే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటే చాలు. రేడియస్ గుంపు నియమాల పట్టికలో సైమల్టేనియస్-యూజ్ (ఒక పేరుతో ఒకేసారి ఎన్ని సెషన్లు, అంటే నడుస్తున్న లాగిన్లు, ఉండొచ్చో చెప్పేది) విలువ 1 రాయండి. సర్వర్ అమరికలోని సెషన్ భాగంలో ఎస్‌క్యూఎల్‌ను చేర్చి, సెషన్లను లెక్కించే క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) ముందున్న, దాన్ని పనిచేయకుండా ఆపే వ్యాఖ్య గుర్తు # తీసేయండి. రౌటర్‌లో అకౌంటింగ్, అంటే సెషన్ల మొదలు, ముగింపు సర్వర్‌కు తెలిపే పని, ఆన్ చేయండి. ధ్రువీకరణకు 1812 పోర్టు, అకౌంటింగ్‌కు 1813. ఫైర్‌వాల్‌లో 1812 మాత్రమే తెరిచి వదిలేస్తే సర్వర్‌కు సెషన్ల సంగతే తెలియదు, ఎందరినైనా రానిస్తుంది.

ఇక అందరూ పాడుచేసే చోటుకు వద్దాం. సెషన్ ముగిసిందని సర్వర్‌కు చెప్పేది రౌటర్ పంపే స్టాప్ కబురు. కరెంటు పోతే ఆ కబురు రాదు. డేటాబేస్‌లోని సెషన్ల పట్టికలో ముగింపు సమయం ఖాళీగానే ఉండిపోతుంది, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని సర్వర్ నమ్ముతుంది. ఒక హాస్టల్‌లో రాత్రి కరెంటు పోయి వస్తే, తెల్లారేసరికి విద్యార్థులంతా బయటే నిలబడ్డారు. అక్కడి నిర్వాహకుడు నియమాన్నే తీసేశాడు. అది మందు కాదు.

సెషన్ ఇంకా నడుస్తోందని చెప్పే మధ్యంతర కబురు రౌటర్ నుంచి ప్రతి 10 నిమిషాలకు వచ్చేలా పెట్టండి. 30 నిమిషాలుగా కబురు లేని సెషన్లను మూసే చిన్న స్క్రిప్టును క్రాన్‌లో (పనులను నిర్ణీత సమయాలకు తనంతట నడిపే లినక్స్ సాధనం) ఉంచండి. గడువు 30కి తగ్గకూడదు. ఈ కబుర్లు యూడీపీ మీద వస్తాయి, అందులో చేరిక ఖాయం కాదు, ఒకటి రెండు దారిలో పోవడం మామూలే. గడువు 10 నిమిషాలే పెడితే నడుస్తున్న సెషన్ మూతపడినట్టు నమోదై, రెండో మనిషి దూరిపోతాడు. వరుసలను మాత్రం ఎప్పుడూ తొలగించకండి. చివరి కబురు వచ్చిన సమయాన్నే ముగింపు సమయంగా నింపండి. వరుస పోతే ఎవరు ఎప్పుడు వాడారన్న ఆధారమే పోతుంది.

కొత్తవాడు రాగానే పాతవాడిని తోసేసే పద్ధతిని కొందరు మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు అసలు మనిషిని పరీక్ష మధ్యలో బయటికి నెట్టగలుగుతాడు. రెండో లాగిన్‌ను నిరాకరించడమే సరైనది, ఫ్రీరేడియస్ చేసేదీ అదే.

చివరగా పరీక్షించండి. ఒక ఫోనులో లాగిన్ అయి, అదే పేరుతో ఇంకో దానిలో ప్రయత్నించండి, తిరస్కరించాలి. తర్వాత రౌటర్ ప్లగ్ పీకి, నిమిషం ఆగి పెట్టండి. మళ్లీ లాగిన్ కావడానికి అరగంట దాటి, క్రాన్ ఇంకోసారి నడిచేంత సమయం కంటే ఎక్కువ పట్టిందంటే స్క్రిప్టు నడవడం లేదు. క్రాన్ లాగ్ చూడండి.